పంట పేరు

హోసకోట సంతబీది మలుపులో
నంజుండప్ప ఎరువుల అంగడి.
ముక్కుకి గంధకం, యూరియా బస్తా మీద పిల్లి నిద్ర.
"కలుపు మందు ఒక లీటరు" అన్నాను,
పాల ప్యాకెట్ అడిగినంత తేలిగ్గా.

అతను కళ్లద్దాలు దించి
పొడుగాటి రిజిస్టరు తెరిచాడు.
"పహణీ తెచ్చారా?"
తెచ్చాను. ముప్పై గుంటలు, నా పేరు,
బ్యాంకు అప్పు తీరిన ముద్ర కూడా ఉంది.
"ఆధార్?" ఇచ్చాను.
"పంట?"

అక్కడ ఆగిపోయాను.
సపోటాలు పదకొండు, ఒక నిమ్మ, కాయని ఉసిరి,
ఆదివారాలు నేను కూర్చునే సిమెంటు బల్ల,
మిగతాదంతా గడ్డి.
ఇరవై ఆరేళ్లు పీణ్యలో లేత్ మిషన్లు అమ్మినవాణ్ణి,
పంట ఏమిటని నన్నెవరూ అడగలేదు.
"తోట" అన్నాను.
"తోట పంట కాదు సార్. గడిలో పట్టదు."
మోకాలెత్తు మొక్కలు రెండు గుర్తొచ్చాయి.
"కొబ్బరి" అన్నాను.
రాశాడు. రాస్తూ నవ్వాడేమో,
మీసం అడ్డొచ్చింది.

ఇంకో గడి ఉంది.
"కొట్టేది ఎవరు?"
"మునెమ్మ."
"చేతులకు తొడుగులున్నాయా? ముక్కుకి గుడ్డ?
చదవను వస్తుందా?"
సీసా తిప్పి చూపించాడు.
చీమ తలంత అక్షరాలు, పదో పన్నెండో భాషలు.
మునెమ్మ మాట్లాడే తెలుగు,
సగం కన్నడంలో నానిన ఆ తెలుగు
వాటిలో లేదు.
ఆమెకు అందేది ఒక్కటే,
మూల మీద నిలబెట్టిన రంగు చదరం.
ముగ్గులా ఉందంటుంది, నాకు తెలుసు.

సంతకం నేను పెట్టాను.
పేరు ఆమెది రాశారు.

మునెమ్మ సీసా చూసింది. కొడవలి దించలేదు.
"ఏమిటికి సామీ ఇది?"
"గడ్డి చావడానికి."
"ఏ గడ్డి?"
ఒళ్లోంచి ఒక్కొక్కటే తీసి
నా బల్ల మీద పరిచింది.
"ఇది గంగపాయిలి, రేత్రి పప్పులోకి.
ఇది పొన్నగంటి, కోడలికి కండ్లు మంట.
గరిక, చవితికి మీరే అడగతారు.
తుంగ మాత్రం పాడుది, గడ్డతో లాగాల.
పైన మందు కొడితే కింద నవ్వతాది.
అదో ఆ వయ్యారిభామ,
తాకితే ఒళ్లంతా దద్దులు.
దాన్ని పూతకి ముందే పీకేద్దాం.
తొడుగులు మాత్రం తెచ్చియ్యండి."

తొడుగులు తెచ్చాను.
సీసా మూత తీయలేదు.
మోటారు గదిలో పైచెక్క మీద, తాళం.
తిరిగి తీసుకోడట నంజుండప్ప.
పారబోద్దామంటే కింద బోరు, పక్కన వాగు.
కొనడానికి ఇన్ని అడిగినవాళ్లు
వద్దనుకుంటే ఏం చేయాలో చెప్పలేదు.

వానలు పడ్డాయి. గడ్డి బల్ల కాళ్లదాకా వచ్చింది.
మునెమ్మ కూలి యాభై పెంచమంది. పెంచాను.
హోసకోట వెళ్లినప్పుడల్లా
అంగడిలోంచి కేకేస్తాడు నంజుండప్ప:
"ఏం సార్, కొబ్బరి ఎట్లుంది?"
"కాపు బాగుంది" అంటాను
స్కూటర్ ఆపకుండా.