గురువారం, నాలుగింటికి

పొద్దున్నే ఒక మాత్ర, పెసరగింజంత.
మింగి పదకొండో నంబరు ట్రామెక్కుతాను,
ఎక్కడమంటే, నడపడానికి.
వూచ్ నగరం నిండా నవంబరు.
డాక్టరు చీటీలో డిప్రెషన్ అని ఉంది,
మా డిపోలో దాన్ని బద్ధకం అంటారు.

మొదటి నెల నోరెండిపోవడం తప్ప ఏమీ లేదు.
తర్వాత ఒక రోజు
కెటిల్ కూత వినబడింది.
అన్నాళ్ళూ అది కూస్తూనే ఉందట, బోగుష్ చెప్పాడు.

మాత్ర అక్కడిదాకే తెచ్చింది,
చెవిదాకా.

గురువారాలు యాద్విగా గారి గదిలో
మూడు వారాలు బ్రేకుల గురించే మాట్లాడాను.
ఇసుక పెట్టె గురించి,
రాలిన ఆకులమీద చక్రం ఎలా జారుతుందో.
ఆవిడ ఏమీ రాసుకోలేదు.
నాలుగో వారం అడిగింది:
"ఆ రోజు పట్టాలు తడిగా ఉన్నాయా?"

నిరుడు, మాత్రలు మొదలెట్టకముందు,
ఈ ప్రశ్నకే లేచి వచ్చేశాను,
గొడుగు కూడా అక్కడే వదిలేసి.

ఈసారి కుర్చీలోనే ఉన్నాను.
ఉన్నాయి, అన్నాను.
పాపది పసుపు రంగు టోపీ, అన్నాను.
కోటు గుండీ తిప్పుతూ తిప్పుతూ
అది ఊడి చేతికొచ్చేదాకా చెప్పాను.

గుండీ ఇంకా జేబులోనే ఉంది.
కుట్టాలి.
ఆ గొడుగూ తెచ్చుకోవాలి, వచ్చే గురువారం.