తృటిలో తప్పినవి

పందొమ్మిదేళ్ళుగా ఇదే డిపోలో ట్రామ్ నడుపుతున్నాను.
ఈ సెప్టెంబరు నుంచి మాత్రం
యూనిఫాం జేబులో ఒక రికార్డరు.

రీగాలో పట్టాల మీద లిండెన్ ఆకులు రాలే కాలం.
తడిసిన ఆకు సబ్బుముక్క కన్నా జారుడు.
బ్రేకు నొక్కాక బండి ఆగేదాకా
గుండె ఎక్కడుంటుందో
ఆ సీట్లో కూర్చున్నవాళ్ళకే తెలుసు.
తగిలితే ఒక కాగితం పుడుతుంది.
తగలకపోతే ఏమీ పుట్టదు.
ఆ పుట్టని కాగితాల మీదే నా పరిశోధన.

"ఇంటిదొంగను పట్టాలంటే ఇంటిమనిషే కావాలి"
నవ్వుతూ సంతకం పెట్టాడు మేనేజరు గున్వాల్డిస్.
నేను దొంగల కోసం రాలేదని
చెబుదామనుకునేలోపు
అతని ఫోను మోగింది.

మర్నాటి నుంచి టీ గదిలోకి నేను అడుగుపెడితే
మాట సగంలో తెగేది.
నా కప్పు అదే కొక్కేనికి,
నా కుర్చీ అదే కిటికీ పక్కన.
నేనే ఎటో కాస్త జరిగినట్టున్నాను.

సమ్మతి పత్రాలు పంచాను.
'మీ పేరు ఎక్కడా రాదు' అన్న అచ్చువాక్యం చదివి
ఇల్మార్స్ దగ్గినట్టు నవ్వాడు, నవ్వినట్టు దగ్గాడు.
ముప్పై మంది ఉన్న డిపోలో
ఆ దగ్గుకి వేరే పేరెందుకు?
మూడో నంబరు అని రాసుకున్నాను.
ఆపమన్నాడు. రికార్డరు ఆపాను.
అప్పుడు చెప్పాడు అసలు సంగతి:
బడిసంచీ, ఎర్ర టోపీ, జానెడు దూరం.
"ఇది నీకు చెప్పాను,
నీ చదువుకి కాదు" అన్నాడు.
ఆ రాత్రి నా నోటుపుస్తకంలో పేజీ తెల్లగానే ఉండిపోయింది.
తెల్లవార్లూ నాకు ఎర్ర టోపీయే.

గైడు రాసింది:
'మీరు లోపలి మనిషి. అది మీ బలం.
మీ కంట్లో నలుసూ అదే. దాని మీద ఒక అధ్యాయం రాయండి.'
నలుసు గురించి రాయమంటే
కన్ను ఊరుకుంటుందా!

చివరి ఇంటర్వ్యూ స్కైద్రీటెది.
నాకీ పని నేర్పినావిడ. వచ్చే వసంతానికి రిటైరు.
ప్రశ్నల కాగితం నా చేతిలోంచి లాక్కుని
కళ్ళజోడు సర్దుకుని
తప్పులు దిద్దే పంతులమ్మలా పైనుంచి కిందికి చదివి
ఐదో ప్రశ్న మీద వేలు ఆన్చింది.
"ఎప్పుడైనా చెప్పకుండా దాచారా? అట.
ముందు నువ్వు చెప్పు, బైబా."

హీటరు గుయ్‌మంటోంది.
బయట ఎవరో పారతో పట్టాల సందుల్లో
తొలిమంచు గీకుతున్నారు.

ఇంటికెళ్ళి విని టైపు చేశాను:
(మౌనం. పదకొండు సెకన్లు.)
మౌనాల్ని కొట్టెయ్యకూడదని పాఠంలో చెప్పారు.
కొట్టెయ్యలేదు.
ఆ తర్వాత వచ్చిందీ కొట్టెయ్యలేదు:
వంతెన దిగే మలుపు, పొగమంచు, చేతికర్ర ముసలాయన.
దారిచ్చాననుకుని
టోపీ ఎత్తి నాకు కృతజ్ఞత చెప్పి పోయాడు.
ఆయనకి తెలియదు.
ఆరేళ్ళుగా నాకొక్కదానికే తెలుసు.

నివేదిక తిరగేస్తూ గున్వాల్డిస్ ఆగాడు.
"ఈ ఏడో నంబరు ఎవరు?
పేరక్కర్లేదు, ఏ షిఫ్టో చెప్పు చాలు."
మిగతా ఆరుగురి గురించి అడిగి ఉంటే
నోరు కుట్టేసుకునేదాన్ని.
"పొద్దున్న. నాలుగూ నలభై బండి" అన్నాను.
ఆ బండి ఎవరిదో అతనికి తెలుసు.
కాగితాల వైపు చూశాడు, నా వైపు కాదు.

ఇవాళ బయల్దేరే ముందు
ఇసుకపెట్టె మూత తీసి చూశాను.
సగమే ఉంది.
చీకట్లో, టార్చి పళ్ళతో పట్టుకుని
రిజిస్టరులో రాశాను.
కింద పేరు పెట్టాను.