స్తంభానికీ స్తంభానికీ మధ్య

మద్దిలేటీ, ముందు ఆ బూట్ల డబ్బా పక్కన పెట్టు.
మూడువేల ఆరునూర్లు పెట్టి కొన్నావు, సంతోషమే.
బూట్లు ఉరకవు అబ్బయా,
కాళ్లే ఉరకల్ల.

నిన్న నువ్వు చేసిన పని నేను చూసినా.
కె.సి. కాలువ గట్టు మీద, తెల్లారకముందే,
కుక్క తరిమినట్టు పోతివి.
వంతెన కాడ కడుపు పట్టుకోని కూలబడితివి.
ఈ పొద్దు విత్తనాల అంగట్లో
రెండు మెట్లు దిగేదానికి గోడ పట్టుకుంటాండావు.
మొదటి దినమే మైలు మింగేటోడికి
రెండో దినం ఉండదు.

ముప్పై రెండేండ్లు లైన్‌మెన్‌ని నేను.
ఈ గట్టు పొడుగునా
ఏ స్తంభం ఎవరు పాతిరో, దేని మీద కాకిగూడు ఉందో,
ఏది గాలికి కల్లూరు దిక్కు ఒరిగిందో చెప్తా.
నీ చేతి గడియారం ఏమి లెక్క చెప్తాదో నాకు తెలీదు.
నాది స్తంభాల లెక్క.

ఒక స్తంభం ఉరుకు.
రెండు స్తంభాలు నడువు.
మళ్లా ఒకటి ఉరుకు.
అట్ల ఆరు సార్లు. ఇంటికి పో.
‘ఇంతేనా’ అనిపించల్ల.
అనిపించినప్పుడే ఆపల్ల,
ఇంకో ముద్ద పట్టేట్టు ఉండంగానే
సంగటి ముందర నుంచి లేచినట్టు.

ఉరికేటప్పుడు నోట్లో మాట ఆడల్ల.
పక్కన మనిషి లేకుంటే
నీ అంగట్లో ధరలు చెప్పుకుంటా పో:
ఆముదం ఇంత, కంది ఇంత, కొర్ర ఇంత...
కొర్ర కాడికి వచ్చేసరికి గొంతు పట్టేసిందా,
వేగం జాస్తి అయింది. తగ్గించు.
సిగ్గుపడొద్దు.
మొదటి వారం నన్ను
బర్రెలు తోలుకొచ్చే ఉసేనమ్మ దాటిపోయింది.
‘ఏంది సారూ, మీటరు ఆగిపోయిందా?’ అని నగింది.
ఆమె వెనకాల బర్రెలు కూడా దాటిపోయినాయి.

వారానికి మూడు దినాలు చాలు.
నడిమి దినాలు సోమరితనం కాదప్పా.
తీగ కట్టేటప్పుడు మేము బిగదీసి కట్టం, తెలుసునా?
చూసేటోళ్లకి వేలాడతాండాది అనిపిస్తాది.
ఎండకి సాగుతాది, చలికి ముడుచుకుంటాది.
ఆ వదులు లేకుంటే
ఒక చలికాలం రాత్రి
ఎవరూ తాకకుండానే టప్పుమని తెగుతాది.

రెండు వారాలకు ఒక స్తంభం పెంచు.
మోకాలు గొణిగితే విను. అరిస్తే ఆగు.
గొణుగుడు ఏదో అరుపు ఏదో
నీకే తెలియల్ల, నేను చెప్పలేను.

మే నెలలో ఈ ఊరు
పొద్దు పొడవకముందే సెగ కక్కుతాది.
ఐదుకు లేవు. లేదంటే ఆ దినం వదిలేయి.
ముందు నీళ్లు.
ఉగ్గానీ బజ్జీ తర్వాత. తర్వాత అంటే తర్వాత.
బండి కాడ నూనె వాసనకి
నేనూ రెండు సార్లు ఓడిపోయినా,
అవీ నోటుబుక్కులో రాసిపెట్టినా.

ఎందుకు మొదలుపెట్టినావన్నా అని అడిగితివి కదా.
రిటైరుకు ఏడాది ముందు, గాలివాన రాత్రి,
నలభై ఒకటో స్తంభం.
సగం ఎక్కి ఆగిపోయినా.
పైకి ఊపిరి రాదు, కిందికి కాలు రాదు.
హెల్పరు పిల్లోడు గిడ్డయ్య
నా నడుము పట్టుకోని, చిన్నపిల్లోడిని దింపినట్టు దింపినాడు.
ఎవరికీ చెప్పలేదు వాడు.
నేనూ చెప్పలేదు,
ఇంట్లో కూడా.

ఆ స్తంభం దాకా ఉరకను
ఏడు నెలలు పట్టింది నాకు.
చేరినాక ఏమీ చేయలేదు.
చెయ్యి ఆనించినా. సిమెంటు చల్లగా ఉండె.
వచ్చేటప్పుడు నడిచే వచ్చినా.

రేపు రావద్దు.
పిక్కలు ఇంకా రాళ్ల మాదిరి ఉండాయి నీవి.
ఎల్లుండి రా.
మొదటి స్తంభం కాడ నిలబడింటా.
బూట్లు వేసుకోనే రా లే,
కొన్నావు కదా.