తరుగు పద్దు

లాంచీ ఊగి ఊగి కడుపులో తిప్పింది.
సముద్రం అడుగున అగ్నిపర్వతం ఉందంటారే, అక్కడ మరీను.
కరియకూ వెనక్కి పోయింది,
సెయింట్ జార్జెస్ రేవు ఇంకా రాలేదు.
సంచిలో భూతద్దం, వేయించిన చేప,
బడిపిల్లల నోటుబుక్కులో ఆరు పేర్లు.
మేనత్త ఎర్మినా చెబుతుంటే రాసుకున్నవి.
మొదటి పేరు నా చేత మూడుసార్లు పలికించింది:
మా మింబా. మా మింబా. మా మింబా.
నోటికి రాని పేరు చేతికి రాదట.

దస్తావేజుల గదిలో కుర్రాడు కెల్రాన్
తెల్ల తొడుగులిచ్చాడు.
"నెమ్మదిగా, మిస్ అయాంథీ. గట్టిగా ఊపిరి వదిలినా పొడైపోతాయి."
నవ్వొచ్చింది.
నలభై ఏళ్లు పడవ పలకల సందుల్లో
పత్తి కూరి తారు పూసిన చేతులివి.
నీళ్లు ఎక్కడ దూరతాయో వీటికి తెలుసు.

తోట పేరు బెల్‌కూర్. సొంతదారు మక్‌ఫెయిల్.
మా ఇంటిపేరూ మక్‌ఫెయిలే.
ఇంటిపేరు అంటారు గానీ
ఆ ఇంట్లో మావాళ్లెవరూ ఏ గదిలోనూ పడుకోలేదు.
గుమ్మం దాకా నీళ్లు మోశారు, అంతే.
కప్పు ఏ గాలివానకో లేచిపోయింది,
గోడల నీడన ఇప్పుడు మేకలు నెమరేస్తుంటాయి,
పేరు మాత్రం మా దగ్గర ఉండిపోయింది.

దస్తూరి బాగుంది, ఒప్పుకోవాలి.
ఎడమవైపు జమ. కుడివైపు తరుగు.
పుడితే జమ. కొంటే జమ.
చస్తే తరుగు. అమ్మితే తరుగు.
పారిపోయినవాడి దగ్గర
సిరా కాస్త ఎక్కువ ఒత్తుకుంది.

మింబా లేదు.
ఫీబీ ఉంది, డైడో ఉంది, చిన్న మేరీ, ముసలి మేరీ,
సోమవారం అనే పేరున్న మగవాడొకడు.
మింబా లేదు.
పురుగు తొలిచిన చోట ఉందేమోనని
ఆ చిల్లులోంచి అవతలి పేజీ చూశాను.
అక్కడ గాడిదలు. పదహారు. ఖరీదులతో సహా.

మధ్యాహ్నం బయట మెట్ల మీద చేప తిన్నాను.
చేతులు రెండుసార్లు కడుక్కుని లోపలికొచ్చాను.

పద్దెనిమిది వందల ఇరవై ఒకటి, జమ వైపు,
అప్పటికి నాలుగుసార్లు దాటేసిన వరస:
"ప్రూడెన్స్. ఆడపిల్ల. పదకొండేళ్లు. ఆఫ్రికన్.
ఎడమ మోకాలు వంగదు."

మా ఊళ్లో పెద్ద డోళ్లు మోగే రాత్రి
ఒక్కో జాతిని ఒక్కో దరువుతో పిలుస్తారు.
టెమ్నే దరువు పడగానే లేచేది మా ఇంటి ఆడవాళ్లు.
గౌను అంచు పట్టుకుని, కుడికాలు మడిచి,
ఎడమకాలు కర్రలా చాచి ఈడుస్తూ తిరుగుతాం.
మిగతా టెమ్నేవాళ్లు అలా ఆడరు.
ఎందుకంటే తెలీదు. అమ్మ అలా ఆడింది.
నాకు ఏడేళ్లప్పుడు మర్చిపోయి రెండు కాళ్లూ వంచితే
మేనత్త మోకాలి వెనక బెత్తంతో తగిలించింది.

తొడుగు తీసేశాను.
కెల్రాన్ చూశాడు, ఏమీ అనలేదు.
ఆ వరస మీద ఉత్త వేలు ఆనించాను.

ఆ తర్వాతి ఏళ్లన్నీ కుడివైపే వెతికాను.
ఇరవై అయిదులో లేదు. ముప్ఫైలో లేదు.
ముప్ఫై నాలుగు ఆగస్టు దగ్గర గీత గీసి
లెక్క ముగించారు.
తరుగులో ఆవిడ ఎక్కడా లేదు.
పుస్తకమే ముందు పోయింది.

వెళ్లేటప్పుడు ఒక ఫారం నింపమన్నాడు.
బంధుత్వం. రాశాను.
ఆధారం.
కలం పట్టుకుని కూర్చున్నాను, లాంచీకి వేళయ్యేదాకా.

రాత్రి మేనత్త కట్టుడుపళ్లు తీసి గ్లాసులో వేస్తోంది.
"టెమ్నే అని రాశాడా?"
లేదు. ఆఫ్రికన్ అని.
"పేరు?"
ప్రూడెన్స్.
కాసేపు గ్లాసు వంకే చూసింది.
"దానికి ఒళ్లు మండి ఉంటుంది," అంది,
నిన్న పక్కింట్లో జరిగిన గొడవలా.
"రేపు పెద్దల పళ్లెంలో ఒక ముద్ద ఎక్కువ పెట్టు.
ఉప్పు వేయకు."