బుధవారం సీసా

తోతాపురి ఆఖరి లారీ దించిన సాయంత్రం
ల్యాబు బల్ల మీద ఒక సీసా పెట్టినాడు ఎతియెన్,
మా గుజ్జు డ్రమ్ములు కొనే ఫ్రాన్సు కంపెనీ మనిషి.
"పెద్ద ఖరీదు కాదు ధనకోటీ,
మా అక్క తోటది. పండగకి తీసేది కాదు,
బుధవారం రాత్రి మామూలు కూటిలోకి తాగేది."
ధర చీటీ గీకెయ్యడం మరిచినట్టుండాడు.
లెక్క కడితే మన ఎనిమిది వందలు,
చిత్తూరు బజారులో ఒక మోస్తరు చెప్పుల జత.

ఎర్రగా నల్లగా సీసా.
దాని మీద ఒక మేడ బొమ్మ, వాళ్ళ ఇంటిపేరు,
కింద సన్నగా, ఏడు తరాల కిందటి సంవత్సరం.

అలవాటైన చెయ్యి ఊరుకోదు కదా,
చుక్క తీసి రిఫ్రాక్టోమీటరు గాజు మీద వేసినా.
బ్రిక్సు ఏడు చూపించింది.
అది తీపి కాదని నాకు తెలుసు,
మత్తు గాజునూ ఏమారుస్తుంది.

స్టీలు గ్లాసులో రెండు గుక్కలు.
మొదట నేరేడు.
తర్వాత నాలిక అంచుల్ని బిగించి పట్టుకునే వగరు,
బడి దోవలో పందెం వేసి నమిలిన లేత తుమ్మకాయ వగరు.
గొంతు దిగినాక, ఎక్కడో వెనక,
గానుగాడిన రాత్రి తడి చెరుకుపిప్పి వాసన.
అక్కడ గ్లాసు కింద పెట్టేసినా.

మిగతాది తువ్వాలులో చుట్టి
పెనుమూరు బస్సెక్కినా, దొంగ మాదిరి.

మా నాయన చెంగల్రాయుడు
ముప్పై ఎనిమిదేండ్లు బెల్లం వండినాడు,
జన్మలో చుక్క ముట్టిందిలేదు.
సీసా మూతి ముక్కు కాడ పెట్టుకొని
పాకం తీగ సాగిందో లేదో చూసేవాడి మాదిరి
శానాసేపు కండ్లు మూసుకున్నాడు.
"ఆ యేడు ఆళ్ళకి వానలు తక్కువ పాపా.
తీగ దాహంతో కాసిన కాయ ఇది.
దీన్ని కాచుకున్నోళ్ళు సరిగ్గా నిద్రపోయుండరు."
కాసేపాగి,
"ఏడు తరాలంటివే,
మరి భాగాలు పంచుకోలా?"

మర్నాడు అదే మాట ఎతియెన్‌ని అడిగినా.
నవ్వు సగంలో ఆపేసినాడు.
పంచుకున్నారంట.
చిన్నాయన అడవి పక్క చెక్క అమ్ముకున్నాడంట.
ఇతని భాగం అక్కే కొనింది బ్యాంకు అప్పుతో,
ఇంకా పదకొండేండ్ల కంతులు.
"బొమ్మలో కుడిపక్క కిటికీ చూడు,
వాన పడితే అది కారుతుంది.
సీసా మీద కారదు."

మా తాత కాలానికి తొమ్మిదెకరాల చెరుకు.
మాకు మిగిలింది డెబ్బై సెంట్లు, ఒక పెనం,
ఊరందరిదీ అయిన ఒక గానుగ.
మా బెల్లానికి బొమ్మ లేదు, పేరు లేదు,
గోనెసంచి మీద మండీ వాళ్ళ ముద్రే.
మా ఇంటిపేరు రాతలోకి ఎక్కింది ఒక్కసారి:
నల్లబెల్లం, సారా బట్టీలకి పోతాదని
బండి ఆపిన రాత్రి,
ఎక్సైజు రిజిస్టరులో,
ఒక అక్షరం తప్పుగా.
"తెల్లమందు కలపకపోతే బెల్లం నల్లగానే ఉంటాది సార్"
అని నాయన మూడుసార్లు చెప్పిన మాట
అందులో రాయలేదు.

నాలుగో దినానికి సీసా అడుగున మిగిలింది పులిసిపోయింది.
మాయమ్మ వాసన చూసి, మొహం తిప్పుకొని,
దాంతో రాగిచెంబు తోమింది.
తళతళా మెరిసింది చెంబు.
"ఎనిమిది నూర్లకి గిట్టుబాటే" అనింది.

బిరడా మాత్రం పారెయ్యలేదు.
ఆముదం బుడ్డికి కొలిచి చేసినట్టు సరిపోయింది.
దాని పక్కన ఆ పంట సంవత్సరం అచ్చేసుంది, నాలుగంకెలు.
మోకాళ్ళకి రాసుకునే ప్రతి రాత్రీ
దీపం కాడికి తిప్పి చదువుకుంటాడు నాయన.
"ఆ యేడు," అంటాడు,
బుడ్డి మూసేసి,
"మనకీ పడలేదు పాపా."