ముప్పై ఒకటో బెజ్జం

మా తాత ఇడ్వాల్ రాయి చీల్చేవాడు.
ఉత్తర వేల్స్‌లో, వాన వెలవని కొండ మీద
పలకరాయి దిమ్మను తొడకి ఆనించుకుని
ఉలి పెట్టి ఒక్క చిన్న దెబ్బ వేస్తే
పుస్తకం తెరుచుకున్నట్టు పొర విడిపోయేది.
ఎన్ని పొరలు తీస్తే అంత కూలి.

నాకు జీతమిచ్చేది
పొర విడిపోకుండా చూసినందుకు.

ఇక్కడ డీ నది ఒడ్డున, పొడవాటి షెడ్డులో
విమానం రెక్క బోర్లా పడుకుని ఉంటుంది.
పైన కార్బన్ నారలు, జిగురుతో ఒకదాన్నొకటి కరుచుకుని;
నడుమ టైటానియం, చల్లగా, మొండిగా;
అడుగున మళ్ళీ కార్బన్.
మూడింటినీ దాటుకుంటూ ఒకే బెజ్జం పడాలి.

కార్బన్ డ్రిల్లును అరగదీస్తుంది,
మాటా పలుకూ లేకుండా, ఆకురాయిలా.
టైటానియం కాలుస్తుంది, అంచుకి అంటుకుని వదలదు.
దాని రజను వేడివేడిగా మెలికలు తిరుగుతూ పైకొచ్చి
అప్పుడే నున్నగా తొలిచిన నల్లగోడను
గీరుకుంటూ పోతుంది.

నల్లదుమ్మును గొట్టం పీల్చేసుకుంటుంది.
తాతకి గొట్టం లేదు.
ఆయనే పీల్చాడు.

కార్డు మీద రాసి ఉంది:
నలభై బెజ్జాలు, ఆపైన మార్చాలి.
కార్డుకేం, దానికి చెవుల్లేవు.
వాడగా వాడగా వాడి పోతుంది,
ఎన్నో బెజ్జం దగ్గరో ముందుగా చెప్పదు.
మొక్కపోయిన మొన కొయ్యడం మానేసి నెట్టడం మొదలెడుతుంది.
అప్పుడు కింద ఏ ఆసరా లేని కడపటి పొర
తెగకముందే ఒంగిపోయి,
కుట్టూడిన గౌను అంచులా పీచులు పీచులుగా...

ఇవాళ ముప్పై ఒకటి దగ్గర
డ్రిల్లు గొంతు మారింది.
పెద్దగా ఏం కాదు. పక్కగదిలో ఎవరో
దగ్గు ఆపుకున్నట్టు.

ఆపేశాను.
రెక్క కింద దూరి, టార్చి వేసి, అద్దం పెట్టి చూశాను.
ముప్పై శుభ్రంగా ఉంది.
ముప్పై ఒకటి చుట్టూ రెండు పెన్నీల నాణెంతో తట్టాను:
టింగ్, టింగ్, టింగ్,
ఒకచోట, గోరంత మేర, ముద్దగా.

తాత వేలిముడితో పలకను తట్టేవాడు.
మోగితే ఇంటికప్పు.
మోగనివన్నీ ఇప్పటికీ ఊరి వెనక గుట్టగా ఉన్నాయి,
చర్చి కంటే ఎత్తున.

"ఇంకా తొమ్మిది మిగిలాయి కదా నెస్టా,"
అన్నాడు హ్యూ, గడియారం చూసుకుంటూ.
ఎర్రచీటీ మీద తేదీ వేశాను.
'తొలిచినవారు' అన్న గీత మీద నా పేరు రాశాను.
నా రాత ఎప్పుడూ ఇంత నిదానంగా ఉండదు.

భూతద్దం కింద డ్రిల్లు అంచు
నది అడుగు రాయిలా గుండ్రబడి మెరుస్తోంది.
ఇంట్లో వంటగది కిటికీ మూసుకోకుండా
అడ్డం పెట్టే తాత ఉలికీ ఇదే అంచు.
ఒక్కోసారి గిన్నెలు కడుగుతూ
తడివేలితో దాన్ని రాస్తాను.
తెగదు.