తీగ చుట్టుదారి

కుక్క చేజారింది.
మూడు వేల పౌండ్ల దగ్గర
తెర మీద అలాగే నిలిచిపోయింది,
ఒక కాలు గాల్లో, గొర్రెల వెనక,
ఎవరో ఈల వేస్తే ఆగినట్టు.
మీట నొక్కాను. ఇంకోసారి నొక్కాను.
గుండ్రం తిరిగింది, తిరుగుతూనే ఉంది.
బొమ్మ కదిలేసరికి అక్కడ వేరే కుక్క.
మూడు వేల నూటికి ఎవరో కొట్టేశారు.
నా దగ్గర నాలుగున్నాయి.

మంగళవారం ఇద్వాల్ వచ్చాడు,
వ్యాను మీద నిచ్చెన, జేబులో బిస్కెట్లు
మా ముసలి కాప్ కోసం.
గోడకున్న డబ్బా విప్పి మీటరు తగిలించి
చాలాసేపు ఏమీ అనలేదు.
ఈ వేల్స్ కొండల్లో
చెడ్డకబురు చెప్పేవాడు ముందు టీ అడుగుతాడు.
టీ పెట్టాను.

"టెగ్వెన్, మీ తీగ పొడవు
ఆరు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు."
నవ్వొచ్చింది. కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది ఎక్స్‌ఛేంజి,
లోయ అడుగున కిటికీల్లేని ఇటుక గది,
గొర్రెల కొట్టం కంటే రవ్వంత పెద్దది.
గీత గీస్తే రెండు కిలోమీటర్లు కూడా లేదు.

దాని పక్కింట్లో హైల్వెన్ ఉంటుంది.
ఆవిడకు ఇరవై మెగాబిట్లు.
వాటితో వాన పడుతుందో లేదో చూసుకుంటుంది,
తలుపు తీస్తే తెలిసేదాన్ని.
నాకు ఒకటి. వాన పడితే అందులో సగం;
అతుకులన్నీ ఒక్కసారే మూలుగుతాయి
కీళ్లవాతం మనిషిలా.

"అంత దూరం వచ్చి అలసిపోతుందా?" అన్నాను.
"అలసిపోదు. పరుగు అదే పరుగు.
గొంతే సన్నబడుతుంది.
గాలి రోజున అవతలి గట్టు మీది కాప్‌ని
మీరెలా పిలుస్తారు?
ఒక్కో మాటా విడదీసి,
ఆగి, మళ్లీ చెప్పి.
ఎక్స్‌ఛేంజి మీతో అలా మాట్లాడుతోంది."

తర్వాత పాత పటం పరిచాడు, మడతల దగ్గర చిరిగింది.
స్తంభాలన్నీ పెన్సిలు చుక్కలు.
తిన్నగా మా వైపే బయల్దేరి
ఏటి దగ్గర చటుక్కున ఎడమకు తిరిగి
చాపెల్ వెనకనుంచి, మూతపడ్డ పలకరాతి గని మీదుగా
ఎవరెవరి గేట్లో పలకరించి
అప్పులాడిలా మా ఇంటికి
దొడ్డిదారిన చేరింది.
"ఇదేమిటి?" మలుపు మీద వేలు పెట్టాను.
ఇద్వాల్ బిస్కెట్టు విరిచాడు, కుక్క వైపు చూశాడు.
పక్కనే ఎవరో గుమాస్తా చేతిరాత, అరవై మూడో సంవత్సరం:
'పొలం యజమాని మైలిర్ స్తంభాలకు ఒప్పుకోలేదు.'

మైలిర్ మా తాత.

"పని ఉన్నవాడు నడిచొస్తాడు" అనేవాడట.
ఫోను వచ్చాక మాత్రం
ప్రతి ఆదివారం లివర్‌పూల్లో ఉన్న చెల్లెలితో
అరగంట అరిచేవాడు, దూరం కదా అని.
నాలుగున్నర కిలోమీటర్ల మొండితనం.
అరవై ఏళ్లుగా స్తంభం స్తంభానికీ వేలాడి
పోయిన శనివారం నా కుక్కను పట్టుకుపోయింది.

తిడదామనే వెళ్లాను పొలంలోకి.
ఒక్క స్తంభం లేదు. మోకాలి దాకా కోయని గడ్డి.
లోపలెక్కడో కర్లూ పిట్ట గుడ్లు పొదుగుతోంది;
అలికిడికి లేచి, వంపు ముక్కు తెరిచి
లోయ ఈ కొస నుంచి ఆ కొసకు
ఒక్క గుక్కలో అరిచింది,
ఎక్కడా తెగలేదు.
తిట్టు నోట్లోనే ఉండిపోయింది.
నిజం చెప్పాలంటే, సగమే. సగం తిట్టేశాను.

గాజుతీగ వస్తుందట, వచ్చే ఏడాదో ఆపై ఏడాదో.
నేల కింద, ఏటినుంచి తిన్నగా, గడ్డిపొలం మధ్యగా.
సంతకానికి ఖాళీ వదిలిన ఉత్తరం
బల్ల మీదే ఉంది, టీ కప్పు కింద,
గుండ్రటి మరక పడి.

శనివారం మళ్లీ వేలం.
హైల్వెన్ వంటింట్లో కూర్చుంటానని కబురంపాను.
కేకు చేస్తానంది.
వాన పడదని కూడా చెప్పింది.